కింది రెక్కలో అయిదు ఖాళీలు

సూదక్కని పోయిన వారం మనం కత్తెర చేత్తో నిలబెట్టి వచ్చేశాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. మ్యూజియం వెనకాల మరమ్మతు షెడ్డులో, రెండు బల్లల మీద పడుకోబెట్టిన పాత విమానం రెక్క పక్కన. అది ఎడమ కింది రెక్క. పై గుడ్డ కుట్లు ఒక్కొక్కటే కోసి, గుడ్డని చాపలా చుట్టుకుంటూ పోయిందామె. లోపల కర్ర ఎముకలు లెక్కపెట్టింది. రెక్కకి పద్నాలుగు ఉండాలి. తొమ్మిదే ఉన్నాయి. మిగతా అయిదు చోట్లా, రెక్క పొడుగునా పోయే దూలానికి గాడి తీసి ఉంది, గాడిలో ఎముక లేదు. జిగురు అంటిన మరక కూడా లేదు. ఆ ఖాళీల మీదుగా పోయిన గుడ్డ లోపలివైపు, నీలం పెన్సిలుతో చిన్న చిన్న అడ్డగీతలు. ఆ పెన్సిలు గీత వాళ్లమ్మది.

నలభై ఏడేళ్లుగా ఆ ఊరంతా ఒకటే మాట అనుకుంటోంది. ఆ విమానం కూలింది కుట్టు తప్పు వల్లనీ, ఆ కుట్టు సూదక్క తల్లిదనీ.

విమానానికి కాగితాల మీద ఏదో నంబరు ఉండేది. నేర్చుకునే కుర్రాళ్లు మాత్రం దాన్ని మిడత అనేవాళ్లు. చక్రాల పైన స్ప్రింగులు మరీ బిగువు. నేల తగిలాక మూడు గంతులు వేస్తే గానీ నిలబడేది కాదు. ఒకదాని మీద ఒకటి జంట రెక్కలు, మధ్యలో పొడుగు కర్రలు, మూల నుంచి మూలకి లాగి కట్టిన తీగలు. ముందు సీటు గుంటలో గురువు, వెనక సీటు గుంటలో శిష్యుడు, ఇద్దరి మధ్యా ఒక రబ్బరు గొట్టం. గురువు తిట్లు గొట్టంలోంచి వెనక్కి పోయేవి. తిరిగి తిట్టడానికి శిష్యుడి వైపు గరాటు పెట్టలేదు. సైన్యం నలభై విమానాలు అడిగింది, ఇరవై రెండు తయారయ్యాయి. పంతొమ్మిదోది నిట్టనిలువుగా దూకి పైకి లేవబోతుండగా కింది రెక్క గుడ్డ ఉబ్బి చిరిగింది. గురువూ పోయాడు, శిష్యుడూ పోయాడు. విచారణ జరిగింది. ఆర్డరు రద్దయింది. ఫ్యాక్టరీ బస్సులకి పైకప్పులు చేసుకుని బతికింది. గుమ్మం దాటకుండా మిగిలిపోయిన ఇరవై రెండోదే ఇప్పుడు ఈ బల్లల మీద ఉన్నది.

"అక్కా, నువ్వు రాత్రి ఇంటికెళ్లావా అసలు?" అన్నాడు వడ్రంగి, రెక్క కింద వెల్లకిలా పడుకుని. అతని కాళ్లే కనిపిస్తున్నాయి.

"వెళ్లా. నిద్ర రాలేదు. నువ్వు కింద ముడులు చూశావా?"

"చూస్తున్నా. ఇవన్నీ అటు తిరుగుడు ముడులక్కా. అవతల నిలబడ్డ ఆవిడెవరో ఎడమచేతి వాటం. ముడి మాత్రం మా ఆవిడ మౌనవ్రతం లాగుంది, ఎంత పీకినా విడిపోదు."

సూదక్క నవ్వలేదు. మామూలు రోజైతే నవ్వేది.

రెక్కకి గుడ్డ కుట్టడం ఒక్కరి పని కాదు. రెక్కని నిలువునా నిలబెట్టి, ఇటు ఒకామె, అటు ఒకామె. జానెడు పొడుగు సూది ఇటునుంచి పోతుంది, అటామె అందుకుని ఎముక చుట్టూ తిప్పి వెనక్కి పంపుతుంది. మధ్యలో గుడ్డ ఉంటుంది కాబట్టి ఒకరి మొహం ఒకరికి కనపడదు. గదిలో యంత్రాల హోరు, అరిచినా వినపడదు. అందుకని కర్ర మీద తట్టేవాళ్లు. ఒకసారి తడితే లాగు, కానియ్. రెండుసార్లు తడితే ఆగు. సూదక్కకి ఇది తల్లి నేర్పింది. ఇంట్లో కిటికీ తెర కుడుతూ, ఏడేళ్ల పిల్లని అవతల నిలబెట్టి, కిటికీ చట్రం మీద వేలి కణుపుతో తట్టేది. కుట్టు గది వాళ్లకి తప్ప ఆ భాష ఇంకెవరికీ రాదని మురిసిపోతూ చెప్పేది. ఆ తర్వాత రెండేళ్లకే విచారణ. ఆ తర్వాత ఆవిడ మళ్లీ సూది ముట్టుకోలేదు. ఆస్పత్రిలో సీసాలు కడిగి, కూతురికి పద్నాలుగేళ్లు వచ్చేదాకా బతికింది.

పదిన్నరకి మ్యూజియం కారు షెడ్డు ముందు ఆగింది. అధికారి ముందు దిగాడు. రెండు వాక్యాలు మాట్లాడితే అందులో ఒకసారి ప్రారంభోత్సవం అనకుండా ఉండలేడు కాబట్టి పనివాళ్లు ఆయన్ని చాటుగా ప్రారంభోత్సవం అనే పిలుస్తారు. వెనక తలుపు తీసి, చేతికర్ర ముందు పెట్టి, మెల్లిగా మామయ్య దిగాడు, సూదక్క తల్లికి తమ్ముడు. ఎనభై ఒకటి దాటాయి. చొక్కా జేబులో ఇప్పటికీ మూడు పెన్సిళ్లు, మూడూ చెక్కి ఉంటాయి. మిడత నక్షాలు గీసిన వాళ్లలో మిగిలింది ఆయనొక్కడే. తల్లి పోయాక సూదక్కని తీసుకెళ్లి పెంచిందీ ఆయనే.

"పెద్దాయన రాత ఒకసారి సరిచూసి సంతకం పెట్టేస్తే, నాలుగింటికల్లా ఇత్తడి పలక చెక్కేవాడికి పంపించేద్దాం. ప్రారంభోత్సవం ఎల్లుండేగా," అన్నాడు అధికారి. కాగితం చాచాడు.

సూదక్క మధ్యలో అందుకుంది. ఆఖరి రెండు వాక్యాలు పైకి చదివింది.

"కుట్టు విభాగంలో నియమం తప్పినందువల్ల జరిగిన ప్రమాదంతో ఈ శ్రేణి నిలిచిపోయింది. రూపకల్పనలో ఏ లోపమూ లేదని విచారణ తేల్చింది." కాగితం మడిచింది. "మామయ్యా, ఇది నువ్వు చదివావా?"

"మొన్న పంపించారు తల్లీ. చదివా."

"చదివి బాగుందన్నావా?"

"విచారణలో ఉన్న మాటే కదా అది. నేను కొత్తగా రాసిందేముంది?"

"ఇలా రా."

"కాసేపు కూచోనీ. ఈ కాళ్లు..."

"రా మామయ్యా!"

షెడ్డులో సుత్తి చప్పుడు ఆగిపోయింది. రెక్క కింద కాళ్లు కదలడం మానేశాయి. మామయ్య ఆమె మొహం చూశాడు, కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి గాడిలో పెట్టింది. ఖాళీ గాడిలో ముసలి వేళ్లు రెండు ఇమిడాయి.

"ఏంటిది?"

ఆయన వేళ్లు వెనక్కి లాక్కోబోయాడు.

"ఇది?" రెండో గాడి. "ఇది? ఇదీ?" ఆయన చేతిని దూలం పొడుగునా ఈడ్చింది. అయిదో గాడి దగ్గర వదిలేసింది. "నీ చేత్తో గీసిన రెక్క ఇది. ఇందులో ఎముకలెన్ని మామయ్యా?"

"తొమ్మిది," అన్నాడు మామయ్య. చూడకుండానే అన్నాడు.

అంటే తెలుసు. సూదక్కకి రాత్రంతా గుండెలో ఏదో మూల ఒక చిన్న ఆశ ఉండింది, ఈయనకి తెలియకుండా ఎవరో చేసి ఉంటారని. ఆ తొమ్మిది అన్న మాటతో అది చచ్చిపోయింది.

"పద్నాలుగు గాళ్లు ఎందుకు కొట్టారు మరి?"

"దూలాలు ముందే కోసేశారు, పాత నక్షా ప్రకారం. నక్షా తర్వాత మారింది. మూడో సవరణ."

"ఎవరు మార్చారు?"

"పెద్దాయనా, ఇవన్నీ ఇప్పుడు..." అని అధికారి నసిగాడు.

"మీరు ఊరుకోండి సార్. మీ పలక మీదికి ఎక్కాల్సిన సంగతే ఇది." సూదక్క ఆయన వైపు తల కూడా తిప్పలేదు. "ఎవరు మార్చారు మామయ్యా?"

"నేనే."

ఆ మాట చాలా చిన్నగా వచ్చింది. తర్వాత, ఎవరో గొట్టంలోంచి లాగుతున్నట్టు, ఒక్కొక్క ముక్కా వచ్చింది. మిడతకి మొదట అయిదు సిలిండర్ల ఇంజను. ఎండాకాలం మధ్యాహ్నం ఇద్దర్ని ఎక్కించుకుంటే రన్‌వే చివరి కంచె దాకా పోయి గానీ లేచేది కాదు. సైన్యం వాళ్లు ఏడు సిలిండర్ల ఇంజను పెట్టమన్నారు. ముక్కు బరువెక్కింది. అయినా మొత్తం బరువు మాత్రం ఒప్పందంలో రాసిన దాన్ని పిసరు కూడా దాటకూడదన్నారు. ప్రధాన ఇంజనీరు శుక్రవారం సాయంత్రం వచ్చి, సోమవారం తూకం ఉంది, నలభై కిలోలు తీసెయ్ అని చెప్పి పోయాడు. సామాను పెట్టె తలుపు తీశారు. వెనక సీటు మెత్త తీశారు. తోక కింద చక్రం తీసి కర్ర పెట్టారు. ముప్పై ఏడొచ్చింది. ఇంకా మూడు కావాలి.

"జంట రెక్కల్లో కింది రెక్క మీద భారం తక్కువ పడుతుంది. లెక్క అలాగే వచ్చింది. మామూలుగా ఎగిరితే ఇప్పటికీ ఆ లెక్క తప్పు కాదు. నిట్టనిలువుగా దూకితే సంగతి వేరు. శిక్షణ విమానం అలా దూకదని కాగితంలో ఉంది."

"నేర్చుకునే కుర్రాడు కాగితం చదివి దూకుతాడా?"

మామయ్య తల వంచుకున్నాడు.

"మూడు కిలోలు," అంది సూదక్క. "ఈ రెక్కలో అయిదు, ఆ రెక్కలో అయిదు, మొత్తం పది కర్రముక్కలు. పాల జిగురుతో సహా మూడు కిలోలు. మూడు కిలోల కోసం మా అమ్మని ఊళ్లో తలెత్తుకోకుండా చేశావు. ఆ చచ్చిపోయిన కుర్రాడి తల్లి మా గుమ్మంలో నిలబడి, నీ చేతులు పడిపోను అని తిట్టిపోయింది. నేను అక్కడే ఉన్నా. పలక మీద లెక్కలు చేసుకుంటున్నా. అమ్మ ఏం చేసిందో తెలుసా? ఆవిడ వెళ్లేదాకా రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడింది. అంతే. నువ్వప్పుడు పక్కింట్లో ఉన్నావు మామయ్యా. పక్కింట్లో!"

"అమ్మాయ్..."

"నన్ను పెంచావు. ఫీజులు కట్టావు. జ్వరమొస్తే భుజాన వేసుకుని తిరిగావు. అదంతా నా మీద ప్రేమనుకున్నా ఇన్నేళ్లూ. ప్రాయశ్చిత్తమని ఒక్క మాట చెప్పుంటే కనీసం అన్నం తినేటప్పుడు నీ మొహం చూసేదాన్ని కాదు."

మామయ్య కర్ర జారింది. వడ్రంగి రెక్క కింద నుంచి పాకి బయటికొచ్చి, కర్ర అందించి, చెక్కపొట్టు నిండిన జుట్టుతో పక్కకి నిలబడ్డాడు. ఏదో ఒక జోకు వేసి గాలి తేలిక చేద్దామని నోరు తెరిచాడు గానీ, సూదక్క చేతిలో కత్తెర చూసి మూసేశాడు.

"నేను చెప్పింది అబద్ధం కాదు," అన్నాడు మామయ్య. ఈసారి గొంతు గట్టిగా ఉంది. ముసలాయనకి కూడా కోపం వస్తుందని అందరికీ అప్పుడే తెలిసింది. "విచారణ చెప్పిందీ అబద్ధం కాదు. కుట్టు కుట్టుకి మధ్య నాలుగు వేళ్ల ఎడం ఉండాలి. అది నియమం. అక్క ఎంత ఎడంతో కుట్టింది? నువ్వేగా కోశావు కుట్లు, నువ్వే చెప్పు."

రెండు వేళ్లు. నిన్న మొదటి కుట్టు కోసేటప్పుడే చూసింది సూదక్క. మొదట గర్వపడింది కూడా.

"రెండు వేళ్లు," అన్నాడు మామయ్య. "ఎముకలు తగ్గాయని ఆవిడకి సూది దిగగానే తెలిసింది. గుడ్డ ఉబ్బుతుందని భయపడింది. ఉన్న తొమ్మిది ఎముకలకీ రెట్టింపు కుట్లు వేసింది. మంచి మనసుతోనే చేసింది, కాదన్నానా? కానీ చిల్లు పక్కన చిల్లు, చిల్లు పక్కన చిల్లు! తపాలా బిళ్లలు చింపడానికి చిల్లులు ఉంటాయి చూడు, అలాగ. పంతొమ్మిదోదాని గుడ్డ ఆ గీత వెంబడే చిరిగింది. ఆ ముక్క నేను చేత్తో పట్టుకు చూశాను."

ఇది సూదక్క ఊహించలేదు. చేతిలో ఉన్న గుడ్డ చుట్ట వైపు చూసింది. చిల్లులు వెలుతురులో వరసగా మెరిశాయి, చీమల బారులాగా. తల్లి భయం, తల్లి జాగ్రత్త, అన్నీ ఆ వరసలో ఉన్నాయి. తల్లి చేసిన తప్పు కూడా ఆ వరసలోనే ఉంది. కాసేపు ఆమెకి ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు. తర్వాత తెలిసింది.

"సరే. రాయి," అంది.

"ఏం రాయను?"

"కుట్లు దగ్గర దగ్గరగా పడ్డాయని రాయి. ఆ గీత మీదే చిరిగిందని రాయి. ఎందుకు దగ్గరగా పడ్డాయో కూడా కిందనే రాయి. సార్, మీ పలక ఎంత పొడుగు?"

"రెండడుగులు," అన్నాడు అధికారి అప్రయత్నంగా.

"మూడడుగులు చేయించండి. లేదంటే ఈ రెక్కకి నేను గుడ్డ తొడగను. అయిదు ఖాళీలూ అందరికీ కనపడేలా అలాగే వేలాడదీసుకోండి. ప్రారంభోత్సవానికి వచ్చిన ప్రతివాడూ లెక్కపెట్టుకుపోతాడు."

"ఈ పని వచ్చిన మనిషి ఇంకొకరు లేరమ్మా..."

"లేరనే చెప్తున్నా."

వడ్రంగి గొంతు సవరించుకున్నాడు. "ఎముకలు చేసేది నేను సార్. అయిదు కొత్తవి చేసి పెట్టమన్నారనుకోండి, నా చెయ్యి కూడా కాస్త నొప్పిగా ఉంది."

అధికారి ఇద్దర్నీ చూశాడు, గోడ గడియారం చూశాడు, కాగితం మామయ్య ముందు బల్ల మీద పెట్టాడు. "మీరే చెప్పండి పెద్దాయనా. నక్షా మీద సంతకం మీది. మీరు ఒప్పుకుంటే నేను మారుస్తాను. లేకపోతే విచారణ మాటే ఉంటుంది."

మామయ్య జేబులోంచి ఒక పెన్సిలు తీశాడు. రూపకల్పనలో ఏ లోపమూ లేదన్న వాక్యం మీద మొన పెట్టాడు. గీత సగం దాకా పోయి ఆగింది.

"నా తప్పు ఒప్పుకుని ఈ వాక్యం కొట్టేస్తాను," అన్నాడు. "కానీ ఒక్క మాట విని కొట్టించు. ఫ్యాక్టరీలో ఎవరు ఏ పని మార్చినా చీటీ రాయాలి. ఊడ్చేవాడు చీపురు మార్చినా సరే, చీటీ. అది నక్షా గదికి రావాలి, నా బల్ల మీదికి. ఆ సోమవారం నుంచి నేను కళ్లు కాయలు కాసేలా చూశాను. ఏదో తేడాగా ఉందని నాకే అనిపిస్తోంది, కుట్టు గదిలోంచి ఎవరైనా ఒక్క ముక్క రాస్తే దాన్ని పట్టుకుని ఇంజనీరు దగ్గరికి పోవచ్చని. నా అంతట నేను పోయే ధైర్యం లేదు, ఒప్పుకుంటున్నా. కానీ అక్క రాయలేదు! నా సొంత అక్క. పక్కింట్లో ఉండి, రోజూ మొహాలు చూసుకుంటూ, అంత పని చేస్తూ నాకొక్క చీటీ రాయలేదు. రాసుంటే పంతొమ్మిదోది నేల మీదే ఉండేది. ఇద్దరు బతికుండేవాళ్లు. ఆ కోపంతోనే విచారణలో నోరు మూసుకున్నా. నలభై ఏడేళ్లు ఆ కోపం మీదే బతికా నేను. నువ్వు నా మీద అరిచావు. బాగానే ఉంది. నేను ఎవరి మీద అరవను?"

సూదక్క గుడ్డ చుట్ట విప్పి నీలం గీతలు చూసింది. తల్లి ఎందుకు రాయలేదు? నీలం పెన్సిలు చేతిలోనే ఉందిగా. గుడ్డ మీద గీతలు గీసిన మనిషికి కాగితం మీద నాలుగు ముక్కలు రాయడానికి ఏమొచ్చింది?

అప్పుడు వెనకనుంచి కర్ర మీద తట్టిన చప్పుడు వినపడింది.

రెండుసార్లు.

నలభై ఏడేళ్ల తర్వాత విన్నా, సూదక్క చెవి పోల్చుకుంది. ఆగు.

తిరిగి చూసింది. షెడ్డు తలుపు చట్రానికి ఒరిగి అత్తయ్య నిలబడి ఉంది. మామయ్య భార్య. కారు వెనక సీట్లో కూచోబెట్టి వచ్చినట్టున్నాడు, అక్కడే ఉంటుందనుకుని. వేలి కణుపు ఇంకా చట్రం మీదే ఉంది. ఎడమచెయ్యి.

అత్తయ్య పెళ్లికి ముందు అదే ఫ్యాక్టరీలో పనిచేసింది, రెక్కల గుడ్డకి వార్నిషు పూసే గదిలో. ఇంట్లో అందరూ ఎప్పుడూ చెప్పే మాట అదే. వార్నిషు గది వాళ్లకి ఈ తట్టుడు భాష ఎలా వస్తుంది? సూదక్క చూపు తనంతట తనే రెక్క కిందకి పోయింది. అటు తిరుగుడు ముడులు, వందల కొద్దీ.

"అత్తయ్యా," అంది. "అమ్మకి అవతల నిలబడింది నువ్వా?"

"రాసింది," అంది అత్తయ్య. సూదక్కకి కాదు, భర్తకి. "మీ అక్క చీటీ రాసింది. ఆ సోమవారమే, మొదటి రెక్క సగంలోనే రాసింది."

"రాస్తే నాకెందుకు రాలేదు?" మామయ్య బల్ల పట్టుకుని నిలబడ్డాడు. "ఎవరికిచ్చింది?"

అత్తయ్య చేతిసంచి తెరిచింది. లోపల వెతకలేదు. ఎక్కడుందో వేళ్లకి తెలుసు. నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి బయటికి తీసింది. మడతల దగ్గర పచ్చబడి, గుడ్డలాగా మెత్తబడిపోయింది. పై మడత మీద నీలం పెన్సిలు.

"నాకే ఇచ్చింది. మా తమ్ముడి చేతిలో పెట్టెయ్ అని, గుడ్డ సందులోంచి సూదికి గుచ్చి పంపింది." ఆవిడ గొంతులో ఏడుపు లేదు. ఎప్పుడో అయిపోయినట్టుంది. "ఎందుకివ్వలేదో చెప్తాను. ఇవాళ చెప్పేస్తాను. కానీ ముందు ఆ పిల్లని బయటికి పంపించండి. దానెదురుగా నా వల్ల కాదు."

మామయ్య చేతిలో పెన్సిలు జారింది. దూలం పక్కనుంచి రెక్కలోకి పడి, కింది గుడ్డ మీద దొర్లుకుంటూ పోయింది. ఆపడానికి మధ్యలో ఎముక లేదు.

యాభై ఆరేళ్ల ఆ పిల్ల బయటికి వెళ్లలేదు. కత్తెర బల్ల మీద పెట్టింది. అత్తయ్య కళ్లలోకి చూస్తూ, చెయ్యి చాచి, వేలి కణుపుతో ఆ ఖాళీ గాడి పక్కన దూలం మీద తట్టింది.

ఒక్కసారే.